లంబాడీ స్త్రీల వేషము – మన కర్తవ్యము

వేషమును జూచి మనుష్యునకు విలువ కట్టుట లోకమున మిక్కిలి పాతబడిన యలవాటు. మంచి కోటు తొడిగినవానికి కుర్చీ వేయుదురు. మాసిన పంచె కట్టినవానిని వాకిటనే నిలుపుదురు. ఇది తప్పని యందరును నోటితో నొప్పుకొందురు గాని చేతలలో విడిచినవారు అరుదు. మన హైదరాబాదు నగరమున ఈ తూకమునకు మిగుల లోబడినవారు లంబాడీ స్త్రీలు. వారి వస్త్రధారణమును గూర్చి ఈ సంచికయందు నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి. తల్లినుండి బిడ్డకు సంక్రమించుచు వచ్చిన యొక గొప్ప కుట్టువిద్య మన కన్నులయెదుటనే క్షీణించుచున్నది. ఆ క్షయమునకు గల కారణములలో నగరవాసుల నవ్వు ఒకటి. కాలము తెచ్చు మార్పును మన మాపజాలము; నవ్వును మాత్రము ఆపవచ్చును.

మన కాచిగూడ స్టేషను 1916వ సంవత్సరమున నిర్మింపబడినది. మహబూబునగరము వైపునుండి వచ్చు బండ్లు ఇచ్చట నాగును. పాలమూరు కూలీలని దేశమంతట పేరువడిన శ్రామికులలో లంబాడీలును అనేకులు గలరు. ఈ నగరమున మేడలు లేచినచోట నెల్ల ఇసుకయు, ఇటుకయు తలమీద మోసినవారిలో వారి స్త్రీలు కలరు. వయసు మళ్ళిన లంబాడీ స్త్రీ అద్దములు తాపిన రవికతోను, గవ్వలు కుట్టిన మేలిముసుగుతోను సుల్తాను బజారు వీథిని నడచునపుడు, త్రోవను పోవువారు తిరిగి చూచుటయు, కుర్రవారు వెనుకనుండి గజ్జెల ధ్వని ననుకరించుటయు అందరు నెరిగిన సంగతియే.

ఇక రెండవ ప్రక్క చూడుడు. ఈ నగరమున పాఠశాలల వార్షికోత్సవములు గాని, ప్రభుత్వపు సభలు గాని, ఊరేగింపులు గాని లంబాడీ నృత్యము లేక జరుగుట యరుదు. అప్పుడు అద్దెకు తెచ్చిన లంబాడీ దుస్తులు అన్ని కులముల బాలికలకును తొడుగుదురు. పెద్దలు చప్పట్లు కొట్టుదురు, ఛాయాచిత్రములు తీయింతురు. వేదికమీద అలంకారమైన వేషము వీథిలో ఏల హాస్యాస్పదము కావలెను? వస్త్ర మొక్కటే, ధరించిన మనిషి మాత్రము మారినది. అనగా మెప్పు వస్త్రమునకును కాదు, దానిని కుట్టిన చేతికిని కాదు. ఈ విపరీతమును గూర్చియే మేము ప్రధానముగా చెప్పదలచినది.

మొదట ఆ వేషమేదో తెలిసికొందము. నడుమునకు కట్టు కుచ్చెళ్ళ పావడను ఫేట్యా యందురు. దాని నడికట్టు మీదను, క్రింది యంచు మీదను దట్టమైన కుట్టుపని యుండును. రవికకు కాంచళి యని పేరు. ఎదుటిభాగ మంతయు అద్దములతోను, రంగుగుడ్డ ముక్కలతోను నిండియుండగా, వెనుకభాగము విడిచి త్రాళ్ళతో ముడివేయుదురు. తలమీదనుండి వీపుమీదికి జారు మేలిముసుగు టుక్రి. నుదుటిపై బడు దాని యంచునకు నాణెములో, వెండి బిళ్ళలో వ్రేలాడుచుండును. వీనికితోడు నీళ్ళకుండ తలకెత్తుకొనుటకై గవ్వలు కుట్టిన చుట్టకుదురును, దానివెనుక మెడపై వ్రేలాడు చతురపు గుడ్డయు, తాంబూలపు సంచియు, కుండపై కప్పు వస్త్రమును గలవు. మన యిండ్లలో చుట్టకుదురు అనగా పాతగుడ్డ మెలిపెట్టిన చుట్ట మాత్రమే. నీరు మోయుట వంటి నిత్యపు కష్టమునకు గూడ అంతటి యందమును గూర్చిన జాతిని మొరటుజాతి యనుట ఎట్లు?

ఆ కుట్టుపనిని పరిశీలించినవారికి ఒక విషయము తోచును. ముందుగ కాగితముమీద బొమ్మ గీసికొనుట గాని, గుడ్డపై అచ్చు వేసికొనుట గాని లేకయే వారు చతురములను, త్రికోణములను, చక్రములను సూదితో నిలుపుదురు. లెక్క తప్పినచో వరుస చెడును. చెడిన వరుస అందరికిని కనబడును. పలక పట్టని చేతులు క్షేత్రగణితము నెరిగియున్నవని యనవచ్చును. కర్ణాటక దేశమందలి సండూరు లంబాడీ స్త్రీలు తమ కుట్లను పదునాలుగు విధములుగా లెక్కింతురు. కిలాన్, వేలే, మాకి, పోటే, రేలో మొదలగునవి వాని నామములు. అద్దమునకు రంధ్రము లేదు గదా. దానిని గుడ్డమీద నిలుపుటకు చుట్టును దారముతో చిన్న కోట కట్టవలెను. గవ్వనైనచో వెనుకభాగ మరగదీసి, దారము దూర్చి కుట్టవలెను. అవసరముచే పుట్టి అభ్యాసముచే నిలిచిన ఉపాయము లివి.

ఈ వేషము వట్టి అలంకారము గాదు. చదువ నేర్చినవారికి అది యొక లేఖ. మోచేతి పైభాగమున వరుసగ తొడుగు తెల్లని బలియాలును, చెంపలపై జుట్టునుండి వ్రేలాడు వెండి ఘుగ్రీలును సౌభాగ్యచిహ్నములు. భర్త మరణించినచో వానిని తీసివేయుదురు. పూర్వము బలియాలు దంతముతో చేసెడివారు. తరువాత ఎముకయు, నేడు ప్లాస్టిక్కును వచ్చినవి. పెండ్లికూతురు కొత్త యింటికి పోవునపుడు తీసికొనిపోవు సంచులను, కప్పులను ఆమె తల్లియు, బంధువులగు స్త్రీలును, తానును సంవత్సరములకు ముందునుండియే కుట్టుకొనుచు వత్తురు. లంబాడీలు తల్లిని యాడి యందురు. ఆ బాలికకు యాడియే ఉపాధ్యాయిని. తండాయందలి వేపచెట్టు నీడయే పాఠశాల. మేనిపై ధరించిన వస్త్రమే పరీక్షాపత్రము. శ్రావణమాసమున తీజ్ పండుగ తొమ్మిది దినములును కన్యకలు బుట్టలలో గోధుమలు చల్లి, నీరు పోసి, మొలకలు పెంచుదురు. ఆ నీరు మోయు వేళలలోనే చుట్టకుదురును, కుండకప్పును వెలికివచ్చి పదిమంది కన్నులబడును. ఎవరి చేతిపని యెట్టిదో తండాకంతకును అప్పుడు తెలియును.

ఇంకొక సంగతి. ఈ వస్త్రము లంబాడీ స్త్రీ కుట్టినదే యైనను, ఆమె యొక్కతెయే దానిని నిర్మింపలేదు. లంబాడీలు మగ్గము నేయు జాతి గారు. ముతక నూలుగుడ్డ సాలెవారి మగ్గమునుండి వచ్చెను. ఎరుపు రంగునకు చిరివేరును, నీలమునకు నీలిమందును వాడినవారు రంగులవారు. వెండి పని కంసాలిది. గవ్వలు మాల్దీవుల సముద్రమునుండి వర్తకుల చేతులు మారి యీ మెట్టభూమికి వచ్చినవి. నుదుటి యంచున వ్రేలాడు నాణెములలో నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కాలును గలవు; 1959 నాటికి చెలామణి యుడిగిన ఆ నాణెము అంగడిలో చెల్లకున్నను, అవ్వ మేలిముసుగున మాత్రము ఇప్పటికిని చెల్లుచున్నది. కావున లంబాడీ వేషమును పరదేశపు వింతగా భావించువారు పొరబడుచున్నారు. మన సాలె, మన కంసాలి, మన అంగడి ఆ వేషమున నున్నారు. దానిని పరిహసించుట మన దేశమునే పరిహసించుట.

చరిత్ర యేమి చెప్పుచున్నదో చూతము. బంజారాలనియు, సుగాలీలనియు, లంబాడీలనియు వేరువేరు సీమలలో పిలువబడు ఈ జనులు తమ్ము తాము గోర్ అందురు. వారి మాట రాజపుతానా భాషలకు చుట్టమైన గోర్ బోలీ. దానికి సొంత లిపి లేదు. ఎద్దులమీద ధాన్యమును, ఉప్పును మోసి దేశమునకు దేశము అందించుట వారి పూర్వవృత్తి. దక్కనుమీదికి నడచిన మొగలాయి సేనలకు అన్నము సమకూర్చినవారు వీరే. 1632లో పీటర్ మండీ యను ఆంగ్ల యాత్రికుడు పదునాలుగు వేల యెద్దులు ధాన్యముతో నడచుచున్న యొక బిడారును కన్నులార జూచి వ్రాసియున్నాడు. ఆ బిడారునకే తండా యని పేరు. నేడు స్థిరమైన పల్లెకు వాడుచున్న ఆ శబ్దము నాడు నడచు పల్లెకు చెల్లెను. బిడారులో ముందు నడచు ఎద్దునకు గూడ గవ్వలు కుట్టిన పైకప్పు వేసి అలంకరించెడివారు. ఇల్లు లేనివారు తమ సంపదను, తమ కళను, తమ జ్ఞాపకములను గోడలమీద వ్రాసికొనలేరు. కావున గుడ్డమీద వ్రాసికొనిరి, మేనితో మోసికొనిరి.

రోడ్లును, రైళ్ళును వచ్చుటతో ఎద్దులకు పని తప్పెను. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలుమార్గము పడిన తరువాత మన సంస్థానమున గూడ మూటల వర్తకము క్రమముగ పొగబండి వశమయ్యెను. విచిత్రమేమన, ఏ రైలు వారి జీవనమును హరించెనో ఆ రైలే తరువాతి కాలమున వారిని కూలీలనుగా మన కాచిగూడకు తెచ్చి దింపినది. అంతటితో కష్టము తీరలేదు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమని యొక చట్టమును గావించెను. అది క్రమముగ విస్తరింపగా, కొన్ని ప్రాంతములలో లంబాడీలును ఆ పట్టిక కెక్కింపబడిరి. ఒకడు చేసిన నేరమునకు శిక్ష కలదు. పుట్టుకయే నేరమైనచో దానికి ప్రాయశ్చిత్త మేది? 1952లో ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయినను అనుమానపు చూపు పోలేదు. దూరమునుండియే ఆనవాలు తెలియు వేషము గల స్త్రీమీద ఆ చూపు మొదట పడుట సహజము. నేటి నవ్వు నాటి అనుమానమునకు చెల్లెలని మా యభిప్రాయము.

ఇచట న్యాయము తప్పక రెండవ పక్షమును గూడ వినవలెను. లంబాడీ యువతులలో పెక్కురు ఈ వేషమును విడిచి చీరయో, సల్వారు కమీజో ధరించుచున్నారు. వారి కారణములు తేలికయైనవి గావు. ఆ దుస్తుల బరువు చాల యెక్కువ. ఎండకాలమున అద్దములు, వెండి, గవ్వలు మోసికొని మేడ మెట్లు ఎక్కుట కష్టము. ఉతుకుటకు నీరు కావలెను. తరచుగ ఉతికినచో కుట్టు చెడును. కూలికి పోవు తల్లికి ఫేట్యా కుట్టుటకు తీరిక యేది? తీరిక లేని తల్లి బిడ్డకు నేర్పుట యెట్లు? బడికి పోవు బాలికకు బడి దుస్తులు తప్పవు. అవి ధనికుని బిడ్డను, పేదవాని బిడ్డను ఒక వరుసలో నిలుపుననుటయు నిజమే. మేము బడి దుస్తులకు విరోధులము గాము. ఏ బాలికయు అవ్వ వేషమును బలవంతముగ మోయవలెనని మేము కోరము. పూర్వాచారమును నిలుపు భార మంతయు పేద స్త్రీల భుజములమీద వేసి, తాము ఇంగ్లీషు కోటులు తొడిగికొని సంస్కృతిని గూర్చి యుపన్యసించువారి మాటలు మాకు రుచింపవు.

అయినను ఒక భేదమును గుర్తింపవలెను. సౌకర్యమునకై వస్త్రము మార్చుకొనుట యొకటి. సిగ్గుపడి మార్చుకొనుట వేరొకటి. మొదటిది స్వేచ్ఛ, రెండవది దండన. తలిదండ్రుల సమావేశమునకు అవ్వను రావలదని బాలిక బ్రతిమాలుకొనునెడల, అవ్వ వేషమును తోటివారు చూతురేమో యని భయపడునెడల, అచ్చట చెడినది వస్త్రము గాదు. ఆ బడి గాలి చెడినది. అట్టి బాలిక కాంచళిని విడుచుటతో ఆగదు. ముందు వేషమును, పిమ్మట భాషను, తుదకు అవ్వనే దాచుకొనును. తెలంగాణమున గిరిజనులని లెక్కింపబడిన ముప్పది లక్షలకు పైబడిన జనులలో సగమునకు మించినవారు లంబాడీలే యని 2011 జనాభా లెక్కలవలన తెలియుచున్నది. 1976 నాటి చట్టసవరణవలన తెలంగాణపు లంబాడీలు గిరిజనుల పట్టికలో చేరి, చదువునకును ఉద్యోగమునకును మార్గము గాంచిరి. వారి బిడ్డలు మన తరగతులలో మన ప్రక్కనే కూర్చుండుచున్నారు. కావున ఇది దూరపు గోష్ఠి గాదు. మన బల్లమీది సంగతి.

లోకమున ఇట్టి జను లింకను గలరు. చీనా దేశమునకు దక్షిణమున యున్నాన్ మండలపు కొండలలో హానీలను జనులు నివసింతురు. కొండ చరియలను మెట్లుగ చెక్కి వరి పండించుటలో వారు ప్రసిద్ధులు. వారి మెట్టుమళ్ళను 2013లో ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చిరి. వారును నూలుగుడ్డను నీలిమందున ముంచి ముదురు నీలము గావించి, దానిమీద రంగుదారములతో కుట్టి, వెండి యాభరణములు తగిలింతురు. శాఖకు శాఖకు వేషము వేరు. చూచినంతనే ఎవరు ఏ శాఖవారో, కన్యయో గృహిణియో తెలియును. వారికిని పూర్వము లిపి లేదు. ఇరువదవ శతాబ్ది నడుమ 1957లో రోమను అక్షరములతో లిపి నేర్పరచిరి. మన లంబాడీలకును వారికిని చుట్టరిక మేమియు లేదు. అయినను లిపి లేని రెండు జాతులు, వేల మైళ్ళ యెడమున, సూదినే కలముగ పట్టినవి. దూరపు హానీల చిత్రములను జూచి మెచ్చుకొను విద్యావంతుడు కాచిగూడ వీథిలోని లంబాడీ యవ్వను జూచి నవ్వునేని, పెరటిచెట్టు వైద్యమునకు రాదను సామెతకు అతడే సాక్షి.

మెప్పు మాటలతోనే సరిపోదు. ధర మాటయు చెప్పవలెను. ప్రతి సంవత్సరము జనవరి నెలలో నాంపల్లియందు నుమాయిషు జరుగును. 1938లో ఆరంభమైన ఆ ప్రదర్శనమున అద్దముల సంచులకును, దిండుగలేబులకును గిరాకి కలదు. కొనువారు ధరను సగమునకు తగ్గింప బేరమాడుదురు. ఎవరు కుట్టిరని యడుగువారు అరుదు. యంత్రముపై కుట్టి, అద్దమునకు బదులు మెరుగు రేకును జిగురుతో అంటించిన సంచియు, చేతికుట్టు సంచియు ప్రక్కప్రక్కన వ్రేలాడుచుండగా, భేద మెరుగని కొనుగోలుదారు చౌకదానిని తీసికొనును. చేతికుట్టు ఎట్లు నిలుచును? లెక్క సులభము. ఒక కాంచళికి నెలదినములు పట్టినచో, నెలదినముల కూలి యెంతయో అంతయు దాని ధరలో నుండవలెను; గుడ్డయు, దారమును, అద్దములును ఆపైన. అంత యియ్యలేనివారు కొనకుందురు గాక; కాని సగము వెలకు కొని కళను పోషించితిమని చెప్పుకొనరాదు.

ఇట్టి అన్యాయమునకు మన తెలుగుదేశముననే పాత దృష్టాంతము గలదు. పందొమ్మిదవ శతాబ్దియందు మిషనరీల మూలమున గోదావరి సీమకు లేసు అల్లిక వచ్చెను. నరసాపురము చుట్టుపట్ల వేలకొలది స్త్రీలు ఆ విద్య నేర్చిరి. వారి లేసు సముద్రములు దాటి దొరసానుల బల్లలమీద పరచబడెను. 1982లో మరియా మీస్ అను జర్మను విదుషి ఆ స్త్రీలను గూర్చి గ్రంథము వ్రాసి, దినమంతయు అల్లినను వారికి దక్కు కూలి మిక్కిలి స్వల్పమనియు, వారు ఇండ్లలో కూర్చుండి తీరికవేళ అల్లువారని చెప్పి వారిని శ్రామికులుగానే లెక్కింపలేదనియు నిరూపించెను. స్త్రీ యింట కూర్చుండి చేసిన పని పని గాదను భ్రమ అచ్చట లేసును, ఇచ్చట కాంచళిని సమానముగ దోచినది. మన మిషను పాఠశాలల బాలబాలికలకు దొర్కా కథ తెలియును. ఆమె మరణించినపుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టియిచ్చిన వస్త్రములను పేతురునకు చూపిరి. ఒక స్త్రీ జీవితమునకు ఆమె సూదిపనియే సాక్ష్యముగ నిలిచిన కథ యది. అట్టి కథను ఆదివారము చదివినవారు సోమవారము లంబాడీ స్త్రీ సూదిపనిని చిన్నచూపు చూడరాదు.

చేయదలచినచో కార్యము సాధ్యమనుటకు నిదర్శనము పొరుగుననే కలదు. పైని చెప్పిన సండూరునందు లంబాడీ స్త్రీల కుట్టుపనిని ఒక సంస్థ చాలకాలముగ పోషించుచున్నది. 2010లో ఆ కుట్టునకు భౌగోళిక గుర్తింపు లభించెను. అనగా ఆ పేరుతో ఇతరులు నకిలీ సరకు అమ్మరాదు. 2023 జూలైలో హంపియందు ఇరువది దేశముల కూటమి సభ జరిగినపుడు, 450 మందికి పైబడిన లంబాడీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శింపగా గిన్నిసు గ్రంథమున నెక్కెను. మన నగరమునను కొంత జరిగినది. మాసబు టాంకు వద్ద గిరిజన మ్యూజియము కలదు. ఒకప్పుడు తండాలుండుటచే బంజారా హిల్సని పేరువడిన కొండమీద నేడు ధనికుల మేడలే నిండియున్నను, 2022 సెప్టెంబరులో అచ్చటనే సేవాలాలు మహారాజు పేర బంజారా భవనమును ప్రారంభించిరి. భవనము మంచిదే. కాని భవనమున పెట్టెలోనున్న కాంచళి దానిని కుట్టు చేతులు లేకున్న ఎంతకాలము బ్రతుకును?

కావున మన వంటి పాఠశాలలు చేయదగిన పనులను ముగింపుగ మనవి చేయుచున్నాము. ఇవి పెద్ద ధనముతో గూడిన పనులు గావు.

మొదటిది: కుట్టుపని తరగతిలో దొరసానుల నాటి గొలుసుకుట్టును, అడ్డకుట్టును నేర్పుచున్నట్లే, లంబాడీ కుట్లను గూడ నేర్పవలెను. నేర్పువారు పుస్తకములు గారు, లంబాడీ యవ్వలు. వారిని ఉపాధ్యాయినులుగ ఆహ్వానించి, కుర్చీ వేసి, తగిన వేతన మియ్యవలెను. తమ యవ్వ నల్లబల్ల ప్రక్క నిలిచి తరగతికి బోధించుట జూచిన బాలిక ఆమెను మరి దాచదు. ఈ యొక్క పని నూరు ఉపన్యాసములకు సాటి.

రెండవది: ఉత్సవమున లంబాడీ వేషము ధరింపదలచినవారు ముందుగ దాని భాగముల పేర్లు, అర్థములు తెలిసికొనవలెను. సౌభాగ్యచిహ్నమైన ఘుగ్రీని చిన్నబాలికకు వేడుకకై తగిలించుట తెలియనితనము. ఆ నృత్యమును నేర్పుటకు లంబాడీ స్త్రీలనే పిలువవలెను. వేదికమీద వస్త్రమును మెచ్చినవారు దానిని కుట్టినవారి పేరు గూడ సభలో చదువవలెను.

మూడవది: లంబాడీ విద్యార్థినీ విద్యార్థులు సెలవులకు తండాకు పోయినపుడు, అవ్వ యొద్ద కూర్చుండి కుట్ల పేర్లను, వస్త్రముల పేర్లను, ఏది యెప్పుడు ధరింతురో ఆ వివరములను తెలుగు అక్షరములలో వ్రాసికొని రావలెను. గోర్ బోలీకి లిపి లేదని విచారింప బనిలేదు. 2024లో పద్మశ్రీ బిరుదము పొందిన కేతావత్ సోంలాల్ గారు భగవద్గీతనే తెలుగు లిపిలో లంబాడీ భాషకు తెచ్చిరి. గీతకు చాలిన లిపి కాంచళి పేర్లకు చాలదా? వారు తెచ్చిన వ్రాతలకు ఈ పత్రికలో ప్రతి సంవత్సరము రెండు పుట లుంచవలెనని సంపాదకులకు విన్నవించుచున్నాము.

నాల్గవది: వెల. చేతికుట్టును కొనునపుడు బేరమాడుట మానుడు. అది చేతికుట్టో, జిగురుపనియో తెలిసికొనుటకు వెనుకవైపు తిప్పి చూచిన చాలును. చేతికుట్టు వెనుక దారపు నడక కానవచ్చును; జిగురుపని వెనుక ఏమియు నుండదు. మనుష్యులను గూడ ఈ విధముగనే తిప్పి చూచినచో మన తూకములు కొంత సరియగును.

ఇరువది సంవత్సరముల పిమ్మట లంబాడీ బాలిక ఏ వేషము ధరించునో మేము చెప్పజాలము. నిర్ణయింప మాకు హక్కును లేదు. ఆమె వైద్యురాలై తెల్లకోటు తొడగవచ్చును. న్యాయవాదియై నల్లకోటు తొడగవచ్చును. పండుగనాడు పెట్టె తెరచి యవ్వ ఇచ్చిన టుక్రి కప్పుకొనవచ్చును, కప్పుకొనక పోవచ్చును. మేము కోరునది ఒక్కటే. ఆ పెట్టెను తెరచునపుడు ఆమె వాకిలి మూయ నవసరము లేకుండవలెను. ఆ వాకిటికి ఎదుట నిలిచిన వీథి మనదే గనుక, ఆ పని మొదట మనదే.